సంబంధం లెక్క, చందా లెక్క

కృష్ణా డెల్టాలో కలిగినవారి ఇళ్లలో రెండు లెక్కల పుస్తకాలుంటాయి. ఒకటి పెళ్లి సంబంధాలప్పుడు తెరిచేది. కంకిపాడు దగ్గర మాగాణి, పటమటలో ఫ్లాటు, రాజధాని వైపు స్థలాలు, లాకర్లో బంగారం, అన్నీ అందులో నేటి ధరల్లో మెరుస్తుంటాయి. రెండోది చందా అడిగేవాళ్లు గుమ్మమెక్కినప్పుడు తెరిచేది. అందులో నెల జీతం, ఈఎంఐలు, పిల్లల ఫీజులు, ఈ ఏడు మినుము దెబ్బతిన్న వైనం తప్ప మరేమీ కనిపించవు. 2025 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం పీ4 మొదలుపెట్టి, పైనున్న 10 శాతం మంది అట్టడుగు 20 శాతానికి చేయూతనివ్వాలంది. ఇచ్చేవారు మార్గదర్శులు, అందుకునేవి బంగారు కుటుంబాలు. పేర్లు బాగానే కుదిరాయి. చిక్కల్లా ఆ పది శాతం ఎవరన్నదే. బెంజి సర్కిల్ నుంచి గుడివాడ దాకా ఎవరినడిగినా తాము పదకొండో శాతం దగ్గర ఆగిపోయామనే అంటారు.

దేశమంతా ఇదే తంతు. 2020-21లో భారతీయ కుటుంబాలు ఇచ్చిన దానం సుమారు 23,700 కోట్ల రూపాయలని అశోకా విశ్వవిద్యాలయం వారి సర్వే అంచనా వేసింది. దేశంలో 30 కోట్ల కుటుంబాలున్నాయనుకుంటే ఇంటికి ఏడాదికి ఎనిమిది వందలు కూడా రావు. అందులోనూ సింహభాగం మతసంస్థలదే. అయినా మన చేయి పెద్దదనిపిస్తుందంటే, కారణం కొలబద్ద. అయిదు కోట్ల ఆస్తి, ఏడాదికి పన్నెండు లక్షల ఆదాయం ఉన్న ఇల్లు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తోందనుకుందాం. ఆదాయంలో అది ఒక శాతం, చెప్పుకోడానికి బాగుంటుంది. ఆస్తితో కొలిస్తే పదివేలకు రెండున్నర రూపాయలు కూడా కాదు. అదే ఇంట్లో అంట్లు తోమే మనిషి నెలకు పదివేలు సంపాదించి, వారానికో పది రూపాయలు హుండీలో వేస్తే, ఆదాయంలో అర శాతానికి కాస్త తక్కువ. వెనకేసుకున్న ఆస్తంటూ లేదు గనక ఆమె ఇచ్చేది తిండిలోంచే. శిలాఫలకం మీద మాత్రం ఆమె పేరు ఎక్కదు.

ఆస్తి కాగితం మీదే ఉంది, మాగాణిని కోసి ముక్క ఇవ్వలేం కదా అంటారు. ఈ సందేహం వన్‌టౌన్‌లో జకాత్ లెక్క కట్టే వ్యాపారికి ఎప్పుడో తీరింది. ఉంటున్న ఇంటిని వదిలేసి, బంగారం, సరుకు, అమ్మకానికి కొన్న స్థలం మీద ఏటా రెండున్నర శాతం తీస్తాడు. పన్ను కడుతున్నాం చాలదా అని మరో మాట. జీతగాళ్లు అనొచ్చు. కానీ వ్యవసాయాదాయానికి ఆదాయపు పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది, సంపద పన్నును 2015 బడ్జెట్ ఎత్తేసింది. ఆస్తిని తాకే చేయంటూ ఉంటే అది మన మనస్సాక్షిదే, దానికి నోటీసు ఇచ్చే అధికారం లేదు. ఇక అపాత్రదానం భయం. హుండీ ముందు ఎన్నడూ రాని ఈ సందేహం, ఇంజినీరింగ్ ఫీజు కట్టలేని కుర్రాడి ముందే ఎందుకొస్తుందో! చుట్టాలకూ పనివాళ్లకూ చాటుగా పెడుతూనే ఉన్నామనేవారూ ఉన్నారు. సర్వే వారు వాటినీ కలుపుకొనే ఆ అంకె చెప్పారు.

కాస్త బరువున్న అభ్యంతరం ఒక్కటే: ఆపదొస్తే మనవాళ్లు వెనకాడరని. నిజమే. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగితే జనం నింపారు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచితే అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు కదిలివచ్చాయి. అయితే దీనితో రుజువయ్యేది మన దాతృత్వం ఒక్కటే కాదు, మన స్తోమత కూడా. ఇవ్వగలిగి ఉండి, వరద కోసం ఎదురుచూస్తున్నామన్నమాట. పేదరికం ఏటి పొంగులా కెమెరాల ముందుకు రాదు, ఏడాది పొడవునా ఉంటుంది.

కనుక సూత్రం ఒకటే చాలు. దానానికి కూడా సంబంధం లెక్కే వాడాలి. అందులో ఏడాదికి వందకు పావలా. అయిదు కోట్లకు లక్షా పాతిక వేలు అవుతుంది. మరీ ఎక్కువనిపించినవాళ్లు రేపటి నుంచి వియ్యంకుడికి చెప్పే అంకెను తగ్గించుకోవచ్చు.