బడ్జెట్ బాబాయ్

ఏటా ఫిబ్రవరి 1న ఈ దేశానికి ఇద్దరు ఆర్థికమంత్రులు. ఒకావిడ ఢిల్లీలో పదకొండింటికి లేచి చదవడం మొదలుపెడతారు. రెండో ఆయన విజయవాడ సత్యనారాయణపురంలో, టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, పదింటికే తీర్పు చెప్పేసి ఉంటారు. "ఏముంటుందయ్యా అందులో, మధ్యతరగతివాడి నెత్తిన శఠగోపం!" ఆవిడ గంటకు పైగా చదివేది ఈయనకి ఒక్క ముక్కలో తేలిపోతుంది.

అసలు పేరు రేషన్ కార్డులో ఉండాలి. పేటలో అందరికీ బడ్జెట్ బాబాయే. కేంద్ర ప్రభుత్వపు ఓ ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళకు పైగా పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ దేశం బాగానే నడిచింది, లేదా ఎలా నడుస్తోందో చూసే తీరిక ఆయనకి దొరకలేదు. రిటైరైన మర్నాటి నుంచీ దేశం దివాలా తీస్తూనే ఉంది.

లక్ష కోట్లంటే ఆయన నోట్లో వక్కపలుకు. "ఓ నాలుగు లక్షల కోట్లు అటు పడేస్తే సరి" అంటారు, ఏదో చిల్లర మన జేబులోంచి తీసిస్తున్నట్టు. అదే మనిషి సాయంత్రం తోపుడుబండి దగ్గర కొత్తిమీర కట్ట పది రూపాయలంటే పావుగంట వాదిస్తారు. ఇందులో వింతేమీ లేదు. కంటికి కనిపించే డబ్బుతో బేరమాడతాం, కనిపించని డబ్బు మీద అభిప్రాయాలు చెబుతాం.

ఆయన దగ్గర సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చిననాడు ఒక రూపాయికి ఒక డాలరు వచ్చేదన్నది అందులో మొదటిది. అప్పుడు కూడా డాలరుకి మూడు రూపాయల పైనే ఉండేది. ఆ మాట అంటే "నువ్వు పుట్టావా అప్పటికి?" అని అడుగుతారు. ఆయనా పుట్టలేదు. పొద్దున్న ఈ రూపాయి పతనం మీద కళ్ళనీళ్ళ పర్యంతమై, రాత్రి డాలస్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, "అబ్బాయ్, ఇంకో రెండ్రోజులాగి పంపరా, ఎనభై ఏడు దాటేట్టుంది" అంటారు. దాటింది కూడా, 2025 ఫిబ్రవరి 3న. బాబాయ్ అంచనాల్లో నాకు తెలిసి ఫలించింది ఇదొక్కటే.

రెండోది, అనంతపద్మనాభస్వామి నేలమాళిగలు తెరిస్తే దేశం అప్పంతా తీరిపోతుందన్నది. ఆ సంపద లక్ష కోట్లుంటుందని అప్పట్లో పత్రికలు అంచనా వేశాయి. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం వడ్డీలకి పెట్టుకున్నది 12.76 లక్షల కోట్లు. అంటే స్వామివారు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చినా ఒక నెల వడ్డీ. అసలు అలాగే ఉంటుంది.

మూడోది పార్లమెంటు క్యాంటీన్. "అక్కడ రెండ్రూపాయలకి చపాతీ తింటూ మన మీద పన్నులేస్తారా?" అని బల్ల గుద్దుతారు. ఆ సబ్సిడీ 2021లోనే ఎత్తేశారు. దానివల్ల ఏడాదికి ఎనిమిది కోట్లు మిగులుతాయన్నారు. అదే 2025-26 బడ్జెట్‌లో కేంద్రం మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. ఆ ఖర్చుని ఒక్క రూపాయి అనుకుంటే, చపాతీల వాటా పైసాలో ఆరువేల వంతు కూడా రాదు. ఎన్నిసార్లు చెప్పినా ఆ క్యాంటీన్ బాబాయ్ మనసులో ఇప్పటికీ తెరిచే ఉంది.

ఇక ఉచితాల పేరెత్తితే బీపీ మాత్ర పక్కన పెట్టుకోవాలి. "ఉచితాలు దేశాన్ని ముంచేస్తాయి!" ఈ మాట అంటున్నది పిన్నిని గుడివాడ బస్సెక్కించి వచ్చాకే. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలైన దగ్గర్నుంచీ పిన్నికి ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్. గుడివాడలో చెల్లెలింటికే కాదు, బ్యాంకుకీ, కరెంటాఫీసుకీ కూడా ఇప్పుడు ఆవిణ్ణే పంపిస్తున్నారు. ఇదేమిటి బాబాయ్ అంటే, "మేం అడిగామా? ఇచ్చారు. మనం తీసుకోకపోతే ఆ సొమ్ము ఎవడో తినేస్తాడు" అన్నారు. పిన్ని మటుకు ఈ చర్చల్లోకి రారు. "దేశం సంగతి మీరు చూస్తూండండి, నేను వెళ్ళొస్తా" అని సంచీ తీసుకుంటారు.

ఇంత ధాటిగా మాట్లాడే మనిషి నోరు పడిపోవడం ఒక్కసారి చూశాం. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. పన్నెండు లక్షల ఆదాయం వరకూ పన్ను లేదని పేపరు నిండా పెద్దక్షరాలు. బాబాయ్ పింఛనూ వడ్డీలూ కలిపినా అందాకా రావు. పన్ను పోయింది. శఠగోపం కూడా పోయింది. ఆయన మొహంలో సంతోషం, దిగులు రెండూ కనిపించాయి. రెండు గుక్కలు టీ తాగి తేరుకున్నారు.

"ఎనిమిదో పే కమిషన్ ఊసెత్తారా?"

"మొన్న జనవరి 16నే కేబినెట్ ఒప్పుకుంది కదండీ" అన్నాడు పక్కన కూర్చున్న కుర్రాడు. గ్రూప్-2 మెయిన్స్‌కి మూడు వారాలే ఉంది, వాడు పేపరు చదవడు, నమిలేస్తాడు.

"సరే, ఈ పన్ను మినహాయింపు వల్ల లక్ష కోట్లు వదులుకున్నామని ఆవిడే అంటోంది. ఇలా పన్నులు వదిలేస్తే దేశం ఎలా నడుస్తుందయ్యా? ఖర్చు తగ్గించాలి. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు ఆ కుర్చీ నాకిమ్మను!"

కుర్రాడు పేపరు మధ్య పేజీ తెరిచి బల్ల మీద పరిచాడు. రూపాయి బిళ్ళ బొమ్మని ముక్కలు చేసి, ఏ ముక్క దేనికి పోతుందో రాశారు అందులో. జేబులోంచి పెన్ను తీసి చేతికిచ్చాడు. "ఇదే కుర్చీ అనుకోండి బాబాయ్ గారూ. కొట్టేయండి."

బాబాయ్ కళ్ళజోడు సర్దుకున్నారు.

రాష్ట్రాల పన్నుల వాటా, 22 పైసలు. "ఇది మనకొచ్చేది. దీని జోలికెళితే ఊరుకుంటామా?" ఆర్థిక సంఘం గ్రాంట్లూ వగైరా, 8 పైసలు. "అదీ అంతే."

వడ్డీలు, 20 పైసలు. పెన్ను దిగబోయింది. "పోస్టాఫీసులో మీ సీనియర్ సిటిజన్ డబ్బు మీద ఎనిమిది పాయింట్ రెండు శాతం వస్తోంది చూశారూ, చివరికి ఆ భారమూ ఈ ఖాతాదే" అన్నాడు కుర్రాడు. "వడ్డీ ఎగ్గొడితే పరువుంటుందా? ఉంచు."

రక్షణ, 8 పైసలు. బాబాయ్ సగం లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నారు. అదే జవాబు.

సబ్సిడీలు, 6 పైసలు. "ఆఁ! దొరికింది!" టీ కొట్టతను వడగట్టే గుడ్డ దించకుండానే అడిగాడు, "యూరియా బస్తా 266 రూపాయలకి రాకపోతే మీ ఉయ్యూరు ఎకరాల కౌలు ఏం గాను బాబాయ్?" బాబాయ్ కాసేపు ఆలోచించారు. "ఎరువుల మాట నేననలేదు. తిండిగింజల సంగతి చూద్దాం" అని ముందుకెళ్ళారు. చూడలేదు.

కేంద్ర పథకాలు, 16 పైసలు. అందులో పథకాల పేర్లు ఎక్కువ, ఓపిక తక్కువ. వదిలేశారు. రాష్ట్రాలతో కలిసి నడిపేవి, 8 పైసలు. "ఉపాధి హామీ ఇందులోదేగా? గట్టుమీద కూర్చోబెట్టి కూలివ్వడం. కొట్టేయ్!"

"మా అమ్మ వెళ్తుంది బాబాయ్ ఆ పనికి" అన్నాడు టీ కొట్టతను. గట్టిగా కూడా అనలేదు.

బాబాయ్ పెన్ను గాల్లో ఆగింది. "మీ అమ్మగారి సంగతి వేరయ్యా" అని, కొట్టేయడం మానేసి, పక్కన టిక్కు పెట్టారు.

ఇక పింఛన్లు, 4 పైసలు. ఎవరూ ఏమీ అనలేదు. బాబాయ్ ఎడమచేతి బొటనవేలు సరిగ్గా ఆ ముక్క మీద ఉంది. పేపరు ఎగిరిపోకుండా అనుకుందాం.

మిగిలింది ఒక్కటే. "ఇతర ఖర్చులు, 8 పైసలు." బాబాయ్ కళ్ళు మెరిశాయి. "చూశారా! ఎక్కడ దాచారో! దోపిడీ అంతా ఇక్కడే!" అటో గీత, ఇటో గీత, కాయితం చిరిగేలా కొట్టేశారు. సుమారు ఐదు లక్షల కోట్లు ఆదా. బల్ల చుట్టూ చూసి, వెనక్కి వాలి, ఇంకో టీ చెప్పారు.

"ఇంతకీ ఇతర ఖర్చుల్లో ఏమేం ఉంటాయి బాబాయ్ గారూ?" అన్నాడు కుర్రాడు.

"అవి చెప్పుకోదగ్గవైతే ఇతర అని ఎందుకు రాస్తారయ్యా!" అని పెన్ను తన జేబుకే తగిలించుకున్నారు.