వాహనములకు నిర్బంధ పానము

ఆంధ్రదేశమున మద్యపాన నిషేధమునకున్న చరిత్ర సామాన్యమైనది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు పలక ప్రక్కనబెట్టి సారా దుకాణములపైకి నడచిన నాటినుండి, 1993 అక్టోబరు 1న సారాకును, 1995 జనవరి 16న సమస్త మద్యములకును ప్రభుత్వమువారు తలుపులు మూయువఱకును, మరల 1997లో ఖజానా బోసిపోయినదని గ్రహించి ఆ తలుపులనే సగౌరవముగా తెఱచువఱకును నడచిన కథ నేటి నడివయస్కులకందఱకును తెలిసినదే. అయినను ఆ మహోద్యమమందు గాని, దాని వెనుక వచ్చిన శాసనములందు గాని మనుష్యులను గూర్చియే తప్ప వాహనములను గూర్చి ఒక్క మాటయైనను లేకపోవుట పెద్ద లోపముగా మిగిలిపోయినది. ఆ లోపమిప్పుడు తీఱినది. త్రాగనని మొండికెత్తు హక్కు నేడు మనుష్యునకు కలదు; మోటారుసైకిలునకు లేదు.

పెట్రోలు బంకులో నేడు వాహనము గొంతున పోయుచున్న ద్రవమందు ఐదు పాళ్లకు ఒక పాలు ఎథనాలు. చెఱకు మడ్డిని గాని, చెఱకు రసమును గాని, మొక్కజొన్నను గాని, నూకలను గాని పులియబెట్టి, బట్టీలో కాచి, అందలి నీటిని పూర్తిగా తీసివేసిన సారాయియే ఈ ఎథనాలు. వారుణివాహిని యను పుణ్యనామముతో ఒకప్పుడు సర్కారువారే ప్యాకెట్లలో నింపి ఊరూర పంచిన ద్రవమునకు ఇది దూరపు బంధువు కాదు, తోబుట్టువు. ఈ సంబంధము క్రొత్తదియు కాదు. మోటారు ఇంధనమున మద్యము కలుపు నిమిత్తము 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టమొకటి పుట్టి, ఏబదేండ్లు దాటి బ్రదికి, అక్కఱ తీఱినదని 2000లో రద్దయ్యెను. రద్దయిన రెండు మూడేండ్లకే, 2003 జనవరిలో, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి తొమ్మిది రాష్ట్రములలో పెట్రోలునందు నూటికి ఐదు పాళ్లు ఎథనాలు కలుపుట ఆరంభమయ్యెను. మనదేశమున చట్టమునకు మరణము లేదనియు, మాఱుపేరు మాత్రమే కలదనియు దీనివలన తెలియవచ్చుచున్నది.

ఆ ఐదు నెమ్మదిగా నడచి నడచి 2022 జూన్ నాటికి పదియై, అచ్చటినుండి పరుగు లంకించుకొని 2025 నాటికి ఇరువదియైనది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానము ఈ ఇరువదికి 2030 గడువు పెట్టియుండగా, ఐదేండ్లు ముందుగనే కార్యము నెఱవేఱినదని పెద్దలు పండుగ చేసికొనిరి. మన దేశమున వంతెనలు ఆలస్యమగును, తీర్పులు ఆలస్యమగును, రైళ్ల సంగతి చెప్పనక్కఱలేదు. అట్టిచోట గడువుకంటె ముందుగా పూర్తియైన పని యొకటి కనపడినప్పుడు, అది ఎవరి ఖర్చుతో పూర్తియైనదో తన జేబు తడిమి చూచుకొనుట పౌరునకు క్షేమము.

కలుపుట యనునది మనకు తెలియని విద్య కాదు. చేతక్ స్కూటర్ల కాలమున బంకు కుఱ్ఱవాడు మన కన్నులయెదుటనే టూ-టి ఆయిలు కొలతపాత్రతో కొలిచి పెట్రోలులో పోయుచుండెను. ఎంత పోయవలయునో మనము చెప్పెడివారము, పోసినదానికి వేఱుగా వెల యిచ్చెడివారము, ఒక బొట్టు తక్కువైనచో తగవు పెట్టుకొనెడివారము. తెలిసి కలిపించుకొన్న కలుపు అది. మఱియొక కలుపు కూడ నుండెను: బంకు యజమాని రాత్రివేళ కిరోసిను కలుపుట. అది తెలియక కొన్న కలుపు. పట్టుబడినచో నిత్యావసర వస్తువుల చట్టము క్రింద కేసగును. ఇప్పటి కలుపు ఈ రెంటికిని చెందనిది. కేసు లేదు, కొలతపాత్రయు లేదు. ఊరి వెలుపల డిపోలోనే కలిసిపోయి వచ్చును. బంకులో కొనుగోలుదారునకున్న హక్కులకు మాత్రము కొఱత లేదు: మీటరుపై సున్నా చూచుకొనవచ్చును, సాంద్రత యెంతో యడుగవచ్చును, ఫిల్టరు కాగితముపై చుక్క వేసి చూడవచ్చును, ఐదు లీటర్ల పాత్రతో కొలత పరీక్షింపవచ్చును. తాను కొనుచున్నది పెట్రోలా, పెట్రోలు కలిపిన వేఱొకటియా యనుటయందు మాత్రము ఎన్నికకు తావు లేదు, ఏలయనగా ఈ గొట్టమున ఏది వచ్చునో ఆ గొట్టమునను అదియే వచ్చును.

ఇందు దాపరికమేమియు లేదని చెప్పుట న్యాయము. 2021 జూన్‌లో నీతి ఆయోగ్‌వారు ప్రకటించిన మార్గసూచిలోనే సర్వము వ్రాయబడియున్నది. ఎథనాలునకు ఆక్టేను సంఖ్య హెచ్చు, గావున ఇంజను తట్టు తగ్గును. పొగలో కార్బన్ మోనాక్సైడు తగ్గును. ఇవి నిజమైన సుగుణములే, కాదన్నవాడు మూర్ఖుడు. అయితే లీటరునకు లీటరు కొలిచినచో ఎథనాలునందలి శక్తి పెట్రోలుశక్తిలో మూడింట రెండు వంతులు మాత్రమే. కావున పది పాళ్ల మిశ్రమము వఱకే సరిచేయబడిన పాత కార్లకు మైలేజీ నూటికి ఆఱేడు పాళ్లును, ద్విచక్రములకు మూడు నాలుగు పాళ్లును, ఇరువది పాళ్లకు సరిచేయబడిన క్రొత్త కార్లకు ఒకటి రెండు పాళ్లును తగ్గునని ఆ గ్రంథమే లెక్క కట్టినది. లెక్క కట్టి ఊరకుండలేదు. ఈ నష్టము వాహనదారునకు పూడునట్లు మిశ్రమ ఇంధనములపై పన్ను రాయితీ నాలోచింపవచ్చునని సలహా కూడ నిచ్చినది. ఒకే గ్రంథము, ఒకే అట్ట, ఒకే ముద్రణము. అందులో కలుపుమన్న పుటలు గడువులోగానే అమలైనవి. తగ్గింపుమన్న పుట ఇంకను ఎవరి బల్లపైననో తెఱవబడుటకై కాచుకొనియున్నది.

అడిగినవారికి ప్రభుత్వమువారి సమాధానము సిద్ధముగానున్నది, అది అబద్ధమును కాదు. 2021 నాటికి ఎథనాలు పెట్రోలుకంటె చౌక, 2025 నాటికి ప్రియము. 2025 జులై నెలాఖరుకు ఎథనాలు సగటు కొనుగోలు వెల, రవాణాయు జీఎస్టీయు కలుపుకొని, లీటరునకు 71 రూపాయల 32 పైసలు. శుద్ధిచేసిన పెట్రోలు వెలకంటె అది హెచ్చు. తగ్గింపెట్లు సాధ్యమని వారి ప్రశ్న. తర్కము ముచ్చటైనది. చౌకగానున్న దినములలో ఆ చౌక మనవఱకు రాలేదు, ప్రియమైన దినములలో రాలేదేమని యడుగరాదు. హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయల పైచిలుకుగా 2025 అంతయు కదలక నిలిచినది. ఇరువది పాళ్లు కలిసిననాడును అదియే. స్థితప్రజ్ఞ లక్షణములను విద్యార్థులకు బోధింపగోరువారు ఇకమీదట బంకు బోర్డును చూపిన చాలును.

మా కాలనీలో రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొనుచున్న మాష్టారొకరు దీనిని స్వయముగా తేల్చవలెనని యొకనాటి సాయంకాలము వరండాలో ప్రయోగము చేసిరి. నూఱు మిల్లీలీటర్ల గీతలుగల గాజు జాడీలో ఏబది వఱకు ఉప్పునీరును, పైన ఏబది పెట్రోలును పోసి, మూత బిగించి, బాగుగ కుదిపి, స్టూలుపై నిలిపిరి. మబ్బుగానున్న ద్రవము మెల్లగా తేఱుకొని రెండుగా విడిపోయినది. నీటికిని పెట్రోలునకును నడుమనున్న గీత మాత్రము ఏబదికడ నిలువక అఱువదికి చేరువగా పైకి జరిగినది. పెట్రోలును విడిచి ఎథనాలంతయు నీటితో జతకట్టినదన్నమాట. చూచుటకు వచ్చిన అయిదాఱుగురిలో, భార్య యొట్టు పెట్టించుకొనగా ఇటీవలనే మద్యము మానిన పెద్దమనిషి యొకడు జాడీ చుట్టును రెండు మాఱులు తిరిగి, గొంతు తగ్గించి, "మాష్టారూ, ఆ కిందిది వడగట్టి పుచ్చుకోవచ్చంటారా?" అని యడిగెను. "పెట్రోలు కంపయ్యా, గొంతు దిగదు" అని మాష్టారనిరి. "దిగకపోతే మరి బండికెలా దిగుతోందండీ?" అని అతడనిన దానికి సమాధానము రాలేదు.

బండికెట్లు దిగుచున్నదో మెకానిక్కునకు తెలియును. పదేండ్లనాటి మోటారుసైకిలొకటి ఎత్తు స్థలములయందు దగ్గుచు నిలిచిపోవుచుండగా, మా వీధి చివరి షెడ్డులో దాని ట్యాంకు దింపించిన రోజున నేనచ్చటనే యుంటిని. ఆ కుఱ్ఱవాడు పెట్రోలు పైపును రెండు వ్రేళ్లతో పట్టి లాగి, "ఇగ చూడన్నా, జీడి లెక్క సాగుతున్నది" అని చేతికిచ్చెను. కొంత ప్రాతతనము వలన, కొంత ఎథనాలు వలన అయియుండును. పాళ్లు చెప్పుట నావలన కాదు. ట్యాంకడుగున తేనెరంగు త్రుప్పు. కార్బురేటరు గిన్నెలో తెల్లని మడ్డి. ఎథనాలు తడిని గాలినుండియైనను పీల్చుకొనును, మోయగలిగినంత మోయును, మోయలేనినాడు నీటితో కూడి పెట్రోలును వీడి అడుగునకు దిగిపోవును. ట్యాంకునుండి ఇంజనునకు పోవు గొట్టము నోరు అడుగుననే యుండును. 2023 ఏప్రిల్ తరువాతి వాహనములలో ఇందుకు తగిన రబ్బరు వాడుచున్నారు. పాత వాహనములవారు ఇరువది ముప్పదివేల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట కొన్ని రబ్బరు భాగములు మార్పించుకొన్న చాలుననియు, వానికి ఖర్చు స్వల్పమనియు 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖవారు తెలిపిరి. స్వల్పము అను కొలమానము ఢిల్లీలో ఎంతయో, ఆహార పొట్లములు మోయుచు దినమునకు నూఱు కిలోమీటర్లు తిరుగు కుఱ్ఱవాని జేబులో ఎంతయో ఆ ప్రకటనయందు లేదు.

ఇంతయు రైతుకొఱకే గదా యన్న, ఆ మాట వినగానే నోరు మూతపడుట సహజము. చెఱకు రైతునకు బకాయిలు తీఱుట మంచిదే, మొక్కజొన్నకు గిరాకి పెరుగుట మంచిదే; పదకొండేండ్లలో 1,44,000 కోట్ల రూపాయల విదేశ మారకము మిగిలినదను ప్రభుత్వపు లెక్కను కాదనుటకు నావద్ద వేఱు లెక్క లేదు. అయితే ఆహార సంస్థ గోదాములనుండి 52 లక్షల టన్నుల బియ్యమును కిలో 22 రూపాయల 50 పైసల చొప్పున డిస్టిలరీలకు కేటాయించిరి. లీటరు ఎథనాలునకు రెండు కిలోలకు పైగా బియ్యము పట్టును. అనగా ఆ బియ్యపు ఎథనాలు కలిసిన పెట్రోలును ఐదు లీటర్లు పోయించుకొన్న స్కూటరు ఆ పూట రెండు కిలోల బియ్యపు అన్నము భుజించినట్లే, అదియు రేషన్ కార్డు లేకయే, ఈకేవైసీ కొఱకు బొటనవ్రేలు వేయకయే. ఇక ఏ రైతుకొఱకు ఈ యజ్ఞము జరుగుచున్నదో ఆ రైతే, ఫ్యాక్టరీ తన ఊరికి వచ్చినప్పుడు, నీళ్లు పాడగునని ఎదురు తిరుగుచున్నాడు: నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరున జనము రహదారిపై బైఠాయించి పనులు ఆపించిరి, గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025 జూన్‌లో ఘర్షణలై, కేసులై, రైతులు జైలు చూచిరి. యజ్ఞఫలము వద్దని పాఱిపోవు యజమానుని మన పురాణములందు వినియుండలేదు.

పరదేశములలో ఎట్లున్నదందురా, ఈ విద్యకు గురుపీఠమైన బ్రెజిల్‌లో 1975 నుండి ఈ కార్యము సాగుచున్నది. నేడచ్చట పెట్రోలునందు ముప్పది పాళ్లు ఎథనాలే. అయితే ప్రక్క గొట్టమున వట్టి ఎథనాలు వేఱు వెలకు దొరకును. దాని వెల పెట్రోలు వెలలో నూటికి డెబ్బదికంటె తక్కువగానున్నచో అది, లేనిచో ఇది యని అచ్చటి కారువాడు బంకుకడనే గుణించుకొని యెన్నుకొనును. అమెరికాలో మన తెలుగు సోదరుడు కారునకు పది పాళ్ల మిశ్రమము పోసినను, పెరటిలో గడ్డి కోయు యంత్రము పాడగునన్న భయముతో దానికి కలుపులేని పెట్రోలును వెదకి, నాలుగు డబ్బులెక్కువ యిచ్చి కొనుచున్నాడు. డల్లాసు గడ్డియంత్రమునకున్న ఎన్నిక ధర్మవరము మోటారుసైకిలునకు లేదు. మనకును కలుపు లేనిదని పేరుగన్న 100 ఆక్టేను పెట్రోలు హైదరాబాదువంటి నగరములలో కొన్ని బంకులయందున్నది. 2025లో దాని వెల లీటరు సుమారు 160 రూపాయలుండెను. శుద్ధమైనది కావలెనన్న సంపన్నుడవై యుండవలెనను నియమము పాలకును, నేతికిని, గాలికిని ఇదివఱకే వర్తించుచున్నది గనుక ఇందు వింతపడనేల.

ఎథనాలు లేని పెట్రోలును కూడ అమ్మవలెననియు, ఏ గొట్టమున ఏమున్నదో పైన వ్రాయింపవలెననియు కోరిన వ్యాజ్యమును 2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానమువారు త్రోసిపుచ్చిరి. ఆ తీర్పునకు తలవంచి, కలుపవద్దను మాటను నేను విడుచుచున్నాను, కలుపుడు. వెల తగ్గింపుడను మాటయు విడుచుచున్నాను. నా మనవి ఇక ఒక్క కాగితముముక్కను గూర్చియే. పాత కారు గలవాడు పోయించుకొను ప్రతి లీటరునకును, మార్గసూచి చెప్పిన ఆఱేడు పాళ్ల లెక్కన, ఏడు రూపాయలు దేశ విదేశ మారకమునకును, డిస్టిలరీకిని, రైతునకును, భూగోళపు చల్లదనమునకును సమర్పించుకొనుచున్నాడు. గుడి హుండీలో వేసినదానికి రశీదడుగరాదు గాని, దేవస్థానపు కౌంటరులో ఇచ్చినదానికి రశీదుండును, కొన్నిచోట్ల ఆ రశీదుపై ఆదాయపు పన్నులో మినహాయింపును ఉండును. ముప్పది లీటర్లు పోయించుకొన్నవానికి రెండువందల పది రూపాయలకు అట్టి విరాళపు రశీదొకటి పెట్రోలు బిల్లుతోపాటు చేతికిచ్చినచో సర్కారునకు పోవునదేమున్నది? ఇందునకై బంకు కుఱ్ఱవాడు "జీరో చూసుకోండి సార్" అనుటతోపాటు "పాన్ నంబరు చెప్పండి సార్" అని కూడ అనవలసివచ్చును. వెనుకనున్న ఆటోవాడు హారను మ్రోగించుచున్నను, నిలిచి చెప్పి పోవుటకు నేను సిద్ధము.