పిల్లికూన విరేచనములను చిరకాలము నిలుపుకొను విధానము

కర్నూలు కడప మండలములలో ఎండలు ముదిరి, హంద్రి ఇసుకపఱ్ఱయై, బుగ్గవంకలో రాళ్లు తేలి, మనుష్యుడు నీడను, నీడ గోడమొదలును వెదకికొను దినములలో, ఏడిండ్లు తిరుగుట కులవ్రతముగా గల తల్లిపిల్లి యొకటి తన సంతానమును మీ యటుకమీద దింపి, మరల తరలించుకొని పోవునప్పుడు ఒక కూనను మాత్రము మఱచిపోయినచో, మీరు గృహస్థధర్మము ననుసరించి దానిని చేరదీయుదురు. చేరదీసిన మఱునాటినుండియే అది మీ నల్లని కడప బండలపై పసుపుపచ్చని ముద్రలు వేయ నారంభించును. దీనిని వ్యాధి యని భ్రమించి రెండుమూడు దినములలో రూపుమాపు తొందరపాటువారు లోకమున లేకపోలేదు. వీధివారందఱును వచ్చి కూర్చుండి మాటలాడుటకు ఇంతకంటె రుచిగల విషయము మరల దొరకునా యని వా రాలోచింపరు. అట్టి భాగ్యమును వారములకొలది నిలుపుకొనదలచిన రసజ్ఞులకొఱకు పెద్దల యాచారమునుండి యేర్చి కూర్చిన సూత్రము లివి.

మొదటి సూత్రము: పాలు పోయవలెను. ఆవుపాలైన మంచిది, చిక్కని యెనుమపాలైన మఱింత మంచిది. పాలలో లాక్టోసు అను చక్కెర గలదు. దానిని జీర్ణించుకొను శక్తి తల్లిపాలు మానుచున్నకొలది పిల్లికి సన్నగిల్లును. జీర్ణముగాని యా చక్కెర ప్రేగులలోనికి నీటిని లాగుకొని, పులిసి, మన కభీష్టమైన ఫలమును కొన్ని గంటలలోనే ప్రసాదించును. ఎవడైన యువకుడు సందేహించి గిన్నె వెనుకకు తీయబోయినచో అరుగుమీది యవ్వ యూరకుండదు: “ఏమప్పా, పిల్లికి పాలు పొయ్యకుంటే ఇంగెవురికి పోస్తావు?” ఈ ప్రశ్నకు ప్రత్యుత్తర మిచ్చిన ధీరుడు తెలుగునాట ఒక్కడే. కృష్ణదేవరాయలు ఎలుకలబాధ మాన్పుటకై యింటింటికి ఒక పిల్లిని, దాని పోషణార్థము ఒక యావును ఇప్పించగా, తెనాలి రామకృష్ణుడు మొదటినాడే తన పిల్లికి కాగిన పాలు పెట్టి మూతి కాల్చి, తరువాత పాలగిన్నె చూచినంతనే అది పరుగెత్తునట్లు చేసి, పాలన్నియు తానే త్రాగెనని కథ. ఆ కథను నేటికిని వికటకవి కొంటెతనమునకు నిదర్శనముగా చెప్పుకొందుమేగాని, ఆ పిల్లికి విరేచనము లైనట్లు ఏ కథకుడును చెప్పలేదను సంగతిని గమనింపము. మూతి కాల్చుట పాపము. పాలు మాన్పుట మాత్రము వైద్యము. మనము రెండింటిని కలిపి త్యజించి, పాలలో చిటికెడు మైదుకూరు పసుపు వేసి మరల పోయుదము.

రెండవ సూత్రము: పూటకొక యాహారము మార్చవలెను. ఉదయము కర్నూలు సోనా బియ్యపు పెరుగన్నము, మధ్యాహ్నము వేటకూర పులుసులో పిసికిన సంకటి, సాయంకాలము మిగిలిన యుగ్గాని. లేతప్రేగులు ఒక యాహారమునకు అలవడులోపల మఱియొకటి వచ్చి పడుచుండినచో, మొదట దేనివలన చెడినదో తెలిసికొను నవకాశము బ్రహ్మకైనను ఉండదు. ఉప్పు, కారము, ఉల్లి లేకుండ ఉడికించిన కోడిమాంసమును కొంచెము కొంచెముగా దినమునకు నాలుగైదుమార్లు పెట్టినచో ప్రేగులు కుదుటపడు ప్రమాదము గలదు. ఇక కర్నూలు మార్కెట్టు యార్డునకు కీర్తి తెచ్చిన యుల్లిగడ్డను మన యింటి పిల్లికి నిరాకరించుట దేశాభిమానము గాదు గదా! ఉల్లియు వెల్లుల్లియు, పచ్చివైనను వండినవైనను, పిల్లి నెత్తురులోని యెఱ్ఱకణములను పగులగొట్టునని పశువైద్యులు చెప్పుదురు. వారి కుగ్గాని రుచి తెలియకపోవచ్చును.

మూడవ సూత్రము: లంఖణము పరమౌషధము. పాలు పోసి, సంకటి పెట్టి, ఉగ్గాని తినిపించిన పిమ్మట జ్ఞానోదయమై, మఱునాడు సంపూర్ణోపవాస ముంచవలెను. నడివయస్సున పొట్ట పెంచిన గృహస్థునకు ఒకపూట పస్తు మేలు చేయును గనుక, ఆఱువారముల ప్రాయమున అరకిలోకు కొంచె మెక్కువ తూగు ప్రాణికిని అది చేయకుండునా యని వాదింపవలెను. అంత చిన్నదేహమున నిలువచేసిన శక్తి కొన్ని గంటలకే తఱిగి, నెత్తురులోని చక్కెర పడిపోయి, కూన చల్లబడి తూలునని తెలిసినవారు నీరును, మితమైన యాహారమును ఎన్నడును ఆపరు. మెడవెనుక చర్మమును మెల్లగా పట్టి విడిచినప్పుడు అది వెంటనే యథాస్థానమునకు పోక గుడారమువలె నిలిచియుండినచో ఒంటిలో నీరు ఇంకిపోయినదని వారు గ్రహించి వైద్యునికడకు పరుగెత్తుదురు. నలువది డిగ్రీలు దాటిన యెండలో కె.సి. కాలువయే యెండుచుండగా పిల్లి యెండిన నేమి యని మనము నిబ్బరముగ నుండవలెను.

నాలుగవ సూత్రము: మందులదుకాణమువానిని నమ్మవలెను. “చిన్నబిడ్డకు” అని చెప్పినచో చిన్నమాత్ర యిచ్చును. పిల్లికని చెప్పినచో దానిని విఱిచి యిచ్చును. అతని శాస్త్రమున భేద మంతియే. ఒళ్లు వెచ్చగ నున్నదని పారాసెటమాలు వేయుట సర్వసాధారణము. మనుష్యుని కాలేయము ఆ మందును మార్చి బయటికి పంపు మార్గము పిల్లికి మిక్కిలి కొఱవడియుండుటచే, దాని నెత్తురు గోధుమరంగునకు తిరిగి ప్రాణవాయువును మోయలేక పోవును. మనము తలనొప్పికి వేసికొను మాత్ర యొక్కటి పెద్దపిల్లి ప్రాణమునకే చాలును. ఈ మార్గమున విరేచనములు నిశ్చయముగా ఆగును గాని, పిల్లి మిగులదు గనుక మన యాశయమునకు భంగము.

ఐదవ సూత్రము: మలమును ఎవ్వరికిని చూపరాదు. ఇది సూత్రములలో శిరోమణి. ఏలికపాములు తల్లిపాలతోనే కూనల కడుపున చేరును. అందుచేత మూడువారముల ప్రాయమునుండి పక్షమున కొకసారి నులిపురుగుల మందును తూకము చూచి పోయించు పద్ధతి లోకమున గలదు. కాక్సీడియా, జియార్డియా యను సూక్ష్మజీవు లున్నచో ఆ సాధారణపు మందు చాలదు. అవి కంటికి కనబడవు. తాజామలమును శుభ్రమైన డబ్బాలో పట్టుకొనిపోయినచో వైద్యుడు దానిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఇన్నాళ్ల మన యూహాగానమును కొలదిసేపటిలో ముగించివేయును. గొఱ్ఱెలును ఎనుములును బారులు తీర్చిన యాసుపత్రి ముంగిట పిల్లికూనను ఒకచేతను, డబ్బాను మఱియొకచేతను పట్టుకొని నిలుచుట మర్యాదస్థులకు తగునా? “పిల్లి దొడ్డికి పోయినదానికి గొడ్లాసుపత్రికా? పదిమందీ నవ్విపోతారు నాయనా!” అను మాట మన లక్షణగ్రంథము. ప్రొద్దుటూరిలో పశువైద్య కళాశాల యున్నదనియు, 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో పశువైద్య వాహనము పల్లెకే వచ్చు ఏర్పాటు 2022లో జరిగినదనియు ఎవరైన చెప్పినచో, ఆ సంఖ్యను సంవత్సరముగా భావించి పాతకాలపు ముచ్చట్లలోనికి దిగవలెను.

ఆఱవ సూత్రము: కూన డోకుచున్నను, తిండి ముట్టకున్నను, మలమున నెత్తురు కనబడినను దిష్టి తీసి యూరకుండవలెను. ఆఱు మొదలు ఎనిమిది వారముల ప్రాయమున టీకా వేయ నారంభింపని కూనలకు సోకు పాన్‌ల్యూకోపీనియా యను మహమ్మారి లక్షణములును ఇవియే. అది రెండుమూడు దినములలో ప్రాణము తీయవచ్చును. ఎండుమిరపకాయలను నిప్పులో వేసినప్పుడు కోరు రాకపోయినచో దిష్టి బలముగ తగిలిన దనియు, వచ్చినచో దిగిపోయిన దనియు నిర్ణయింపవచ్చును. ఇంతటి నిస్సంశయమైన పరీక్ష ఏ సూక్ష్మదర్శినికిని సాధ్యము గాదు.

ఈ యాఱింటిని క్రమము తప్పక పాటించిన యింట విరేచనములకు లోటుండదు. వీనిని ధిక్కరించి, పాలగిన్నె తీసివేసి, పూటపూటకు ఒకేయాహారము పెట్టి, నీరు దగ్గఱ నుంచి, సిగ్గు విడిచి డబ్బా పట్టుకొని పోయినవాని కూన కొలదిదినములలోనే పరదాల కెగబ్రాకుచు, పెద్దలను లెక్కసేయక తిరుగును. ఆ యింటికి పోయి చెప్పుటకు సలహా యొక్కటియు మిగులదు. అంతమాత్రమున అనుభవజ్ఞులు అధైర్యపడ నక్కఱలేదు. ఎదురింట నెలల పసిబిడ్డకు నేటి యుదయమునుండి విరేచనము లట; అవ్వ యప్పుడే యాముదపు సీసా చేత బట్టుకొని మెట్లు దిగినది.