పక్కింటి పిల్లలు, కనిపించని ఓనర్లు

మా రోజుల్లో గది అద్దెకు తీసుకుంటే దాంతోపాటు ఒక ఇంటాయన, ఇంటామె, వాళ్ల ముసలితల్లి కూడా మన బతుకులోకి వచ్చేవాళ్లు. ఇప్పుడు మా పక్కింట్లో డజనుకు పైగా కుర్రాళ్లు ఉంటున్నారు. ఆ ఇంటి ఓనరు ఎవరో, ఎక్కడుంటాడో వాళ్లలో చాలామందికి తెలియదు. నాకు కోపం వస్తున్నది అందుకే. చప్పుడు మీద కోపం లేదా అంటే ఉంది, చెత్త మీదా ఉంది. కానీ వాటి వెనక ఉన్న సంగతి చెప్పకుండా ఆ పిల్లలను మాత్రమే తిట్టిపోస్తే సగం మాటే అవుతుంది.

నేను 1967లో నల్లగొండ జిల్లా పల్లె నుంచి ఉస్మానియాలో ఎం.ఏ. చదవడానికి వచ్చాను. క్యాంపస్ హాస్టల్లో సీటు దొరకలేదు. నల్లకుంటలో ఒక ఇంటి వెనక వైపు పెంకుటి గది దొరికింది. నెలకు 30 రూపాయలు, ముగ్గురం పంచుకునేవాళ్లం. ఒక కిరోసిన్ స్టవ్వు, రెండు గిన్నెలు, మూడు చాపలు. పొద్దున్నే చేదబావిలో నీళ్లు తోడుకుని, అన్నం వండుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న తొక్కు వేసుకుని తిని, అడిక్‌మెట్ మీదుగా నడుచుకుంటూ ఆర్ట్స్ కాలేజీకి పోయేవాళ్లం. ఎవరి గిన్నె వాళ్లు కడుక్కోవాలి. గది ఊడ్చే వంతు రోజుకొకరిది. ఊడ్చిన చెత్త గల్లీ చివరి కుండీ దాకా మోసుకుపోయి వేయాలి. గేటు దగ్గర పడేస్తే ఇంటామె చేతిలో చీపురు మా ముందు పెట్టేది.

ఆమెను మేం అత్తమ్మా అనేవాళ్లం. రాత్రి పదింటికి గేటుకు గొళ్లెం పడేది. ఆలస్యమవుతుందంటే ముందే చెప్పాలి, ఎక్కడికి పోతున్నదీ చెప్పాలి. మా ముగ్గురిలో ఒకడికి ట్రాన్సిస్టర్ ఉండేది. బుధవారం రాత్రి బినాకా గీత్‌మాలా వస్తుంటే కాస్త గట్టిగా పెట్టేవాడు. "లైటు బందు చెయ్యుండ్రి, రేడియో బందు చెయ్యుండ్రి, ముసలామె పండుకున్నది" అని కిటికీ దగ్గరకు వచ్చి ఒక్క మాట అనేది. అంతే. ఆ మాటను దాటితే ఇంటాయన అనే మాట ఇంకొకటి ఉండేది: "మీ నాయనకు కార్డు రాస్తా." పోస్టు కార్డు ఊరికి చేరితే ఏమవుతుందో మాకు తెలుసు. ఆ కార్డు ఆయన ఎన్నడూ రాయలేదు. రాయగలడని తెలియడమే మాకు సరిపోయేది.

అదేదో జైలు కాదు. 1969లో తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు ఊరంతా కర్ఫ్యూ, హోటళ్లు బంద్, క్లాసులు లేవు. స్టవ్వులోకి కిరోసిన్ కూడా దొరకలేదు. కర్ఫ్యూ ఎత్తేదాకా మా ముగ్గురికీ ఆ ఇంట్లోనే అన్నం. బయటికి పోయి పోలీసుల లాఠీలకు చిక్కుతామేమోనని ఆ ముసలామె గేటు పక్కనే మంచం వేసుకుని పడుకునేది. అద్దె ఇచ్చేవాళ్లమని పెట్టిన అన్నం కాదది. ఎవరి పిల్లలో తెలుసు కాబట్టి పెట్టారు.

ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించాలని నాకు లేదు. గది చూడటానికి పోతే ముందు అడిగే ప్రశ్న "మీరేమిట్లు?" అని. చాలా గడపల దగ్గర ఆ ప్రశ్నకు జవాబు చెప్పగానే, "గది నిన్ననే ఇచ్చేశాం బాబూ" అనేవారు. నాతో చదివిన దళిత మిత్రుడొకడు అలా తిరిగి తిరిగి చివరికి ఒక స్నేహితుడి హాస్టల్ గదిలో దొంగచాటుగా ఏడాది గడిపాడు. అది సిగ్గుచేటు. ఇప్పటికీ కొన్ని చోట్ల "ప్యూర్ వెజ్ ఓన్లీ" బోర్డు వెనక దాక్కుని అదే ప్రశ్న బతుకుతోంది. పోవాల్సింది అది. పోయిందేమో ఇంటాయన.

మన నగరంలో చదువుకునే పిల్లలకు నీడ ఇవ్వడం ఒక వ్రతంగా చేసిన వాళ్లున్నారు. కొత్వాలు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. సురవరం ప్రతాపరెడ్డి గారంతటి పండితుడు ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు తిండీ పడకా చూపించి వదిలేయకుండా, ఎలా కలిసి బతకాలో నేర్పే పెద్దమనిషి ఒకరు ఎదురుగా ఉండాలని వాళ్లకు తెలుసు.

ఇక ఇప్పటి సంగతి. మా పక్కిల్లు ఒక లెక్చరరు గారిది. ఇప్పుడు ఆయనా, ఆయన భార్యా లేరు. వాళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇల్లు అమ్మలేదు, తాళం వేయలేదు. తలకు ఇంతని కుర్రాళ్ల దగ్గర వసూలు చేసే ఒకాయన చేతికి అప్పగించారు. బెడ్రూంకు నాలుగు మంచాలు, హాల్లో నాలుగు, భోజనాల గదిలో రెండు. ఒక కుటుంబం ఇచ్చే అద్దెకు రెండింతలు అలా వస్తుంది. వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుందో నాకనవసరం. మురుగు ఎక్కడికి పోతుందో మాత్రం నాకు బాగా తెలుసు. మా గేటు ముందుకు.

ఈ మురుగు విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గొడవల్లో సగం దీని నుంచే పుడతాయి. 1970ల్లో కట్టిన ఇళ్లకు వేసిన పైపులు ఐదారుగురు మనుషుల లెక్కకు వేసినవి. అందులో డజను మంది స్నానాలు, డజను మంది బట్టల సబ్బు, సింకులో తోసేసిన అన్నం, చాయ్‌పత్తి, బిర్యానీ నూనె, షాంపూ సాచెట్లు. వీధి పల్లం మా వైపు కాబట్టి మ్యాన్‌హోల్ పొంగేది మా వాకిట్లోనే. జలమండలి 155313కు ఫోను చేస్తే మనుషులొస్తారు, తీస్తారు, పోతారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే కథ. మరోవైపు నల్లా వచ్చే రోజున వాళ్లు మోటారు వేస్తారు, ఆపేవాడు ఉండడు. ఒకడు ఇంకొకడు ఆపుతాడనుకుంటాడు. ట్యాంకు నిండి, మా ప్రహరీ మీదుగా గంటసేపు నీళ్లు కారి, మా దేవుడి గది గోడ చెమ్మెక్కి సున్నం రాలుతుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లో మంచినీళ్లు అలా కాలవలో కలుస్తుంటే చూడటం, గోడ పాడవడం కన్నా ఎక్కువ బాధ.

చెత్త బండి పొద్దున వస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో ఒక్కడు కూడా లేవడు. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు చేయాలని 2016 నుంచి నిబంధన ఉంది. ఇక్కడ వేరు చేయడం సంగతి తర్వాత, బండిలోకి చేరితే అదే పదివేలు. రాత్రి తిన్న బిర్యానీ డబ్బాలన్నీ ఒక కవర్లో కట్టి గేటు చువ్వకు తగిలిస్తారు. తెల్లారేలోపు కుక్కలు దాన్ని వీధంతా పరుస్తాయి. ఊడ్చే అమ్మ వచ్చి, బొమికలు ఏరుకుంటూ మమ్మల్ని చూస్తుంది. ఆమెకు మొహం చూపించడానికి నాకు సిగ్గేస్తుంది.

రాత్రి సంగతి అందరికీ తెలిసిందే. పన్నెండింటికి పుట్టినరోజు. డజను మంది ఉన్న ఇంట్లో నెలకొకటి తప్పదు. డాబా మీద కేకు కోసి, మొహానికి పూసి, నెత్తిన గుడ్లు పగలగొట్టి, టపాసులు పేలుస్తారు. సైలెన్సర్ మార్చిన బండి ఒకటుంది. ఒంటిగంటకు తిండి తెచ్చే కుర్రాడు ఇల్లు తెలియక మా బెల్లు కొడతాడు. నా భార్యకు గుండె ఆపరేషన్ అయింది. అర్ధరాత్రి బాంబు పేలితే ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. మళ్లీ నిద్ర పట్టదు. ఇది ముసలివాళ్ల చాదస్తం అనేవాళ్లకు ఒక మాట. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. పగలైతే 55. నిద్రపోయే హక్కు నా ఒక్కడిదే కాదు, వీధి అందరిదీ.

చెప్పకుండా ఊరుకున్నానా? లేదు. మొదట గోడ దగ్గర నిలబడి మర్యాదగానే చెప్పాను. "సారీ అంకుల్" అన్నారు, తగ్గించారు, పది నిమిషాలకు మళ్లీ పెంచారు. అద్దె వసూలు చేసే ఆయనకు ఫోను చేశాను. "చెప్తాను సార్" అన్నాడు. రెండోసారి ఎత్తలేదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి వాట్సాప్‌లో పొంగిన మ్యాన్‌హోల్ ఫోటో పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. ఒక రాత్రి పోలీసులకు ఫోను చేశాను. వాళ్లు వచ్చి గద్దించి పోయారు, ఆ రాత్రి నిద్రపోయాం. కానీ తర్వాత కొన్నాళ్లు ఆ పిల్లలు నన్ను చూస్తే మొహం తిప్పుకున్నారు. పక్క పక్క గోడల మధ్య బతుకుతూ పోలీసులతో ఎన్నిసార్లు మాట్లాడించగలం?

ఒక ఆదివారం పగటిపూట, కోపం లేని వేళ చూసుకుని ఆ ఇంటికి వెళ్లాను. లోపల చీపురు లేదు. నిజంగానే లేదు. చెత్త బుట్ట లేదు. మోటారు స్విచ్చు ఎక్కడుందో ఇద్దరికే తెలుసు. మాట్లాడుతుంటే అసలు విషయం అర్థమైంది. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివినవాళ్లే. తెల్లవారుజామున గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, స్టడీ అవర్, పరీక్ష, ర్యాంకు. కంచం తీసేది ఒకరు, గది తుడిచేది ఒకరు. ఇంటికి పోతే "చదువుకో నాన్నా" అని అమ్మ చేతిలో పని లాగేసుకుంటుంది. ఒక ఇల్లు ఎలా నడుస్తుందో, పక్కన మనుషులు ఎలా ఉంటారో వాళ్లకు ఎవరూ చూపించలేదు. పదిహేడేళ్లు వచ్చేదాకా గంట మోత మీద బతికించి, పద్దెనిమిదో ఏట ఒక్కసారిగా తాళం చెవి చేతికిచ్చి వదిలేశాం. వాళ్లు గంతులు వేయకుండా ఏం చేస్తారు?

అందులో సిద్దిపేట వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు నెమ్మదస్తుడు. "తాతా, చెత్త బండి ఎన్నింటికొస్తది?" అని వాడే అడిగాడు. నల్లా రోజు మోటారు ఆపడం, చెత్త కవరు పొద్దున కిందకు దించడం వాడు భుజాన వేసుకున్నాడు. గోడ చెమ్మ తగ్గింది. పుట్టినరోజులు మాత్రం ఆగలేదు, టపాసులు ఆగాయి. నా భార్య గుండె సంగతి చెప్పాక ఆగాయి. అంతకుముందు వాళ్లకది తెలియదు, తెలిసే దారీ లేదు. కానీ ఈ సర్దుబాటు ఎంతకాలం? జూన్‌లో పాత పిల్లలు పోతారు, కొత్త పిల్లలు వస్తారు. మళ్లీ మొదటి నుంచి మొదలు. ఏటేటా పక్కింటివాడే పాఠం చెప్పుకోవాలంటే, మరి అద్దె తీసుకునేవాడి పనేమిటి?

ఇక్కడే నా తీర్పు. తప్పు మొదట ఓనరుది. మన రాష్ట్రంలో అమల్లో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో, కిరాయిదారు ప్రవర్తన పక్క ఇళ్లవాళ్లకు ఇబ్బందిగా ఉంటే ఖాళీ చేయించమని ఓనరు అడగడానికి అదొక కారణంగా రాసి ఉంది. పక్కింటివాడి ఇబ్బందిని పట్టించుకోవాల్సింది ఓనరేనని ఆ చట్టం రాసినవాళ్లు అనుకున్నారు. ఎందుకంటే ఓనరు ఆ వీధిలోనే ఉంటాడని వాళ్ల ఊహ. సముద్రాల అవతల నుంచి అద్దె మాత్రం తీసుకుంటాడని వాళ్లెలా ఊహిస్తారు? బ్యాచిలర్లకు ఇల్లివ్వం అని బోర్డు పెట్టేవాళ్లతోనూ నేను ఏకీభవించను. చదువుకునే పిల్లలు ఎక్కడో ఒకచోట ఉండాలి. మా విద్యానగర్, నల్లకుంటలు యూనివర్సిటీ పక్కన పుట్టి పెరిగిన బస్తీలు. ఆ పిల్లలు లేకపోతే వీటికి పేరే లేదు. వాళ్లను తరిమితే మనం మిగులుతాం, బస్తీ మిగలదు.

కాబట్టి ఓనర్లకు నా విన్నపం. ఇంట్లో ఎందరు ఉండగలరో పైపులను, ట్యాంకును చూసి నిర్ణయించండి, మంచాల లెక్కతో కాదు. రాత్రి ఫోను చేస్తే ఎత్తే మనిషి నంబరు గేటు మీద రాయించండి. ఊళ్లో ఉన్నవాళ్లయితే నెలకోసారి స్వయంగా వచ్చి ఇల్లు చూసుకోండి. ఒక చీపురు, రెండు చెత్త బుట్టలు కొనివ్వండి, ఒక నెల అద్దెలో వాటి ఖర్చు ఏపాటిది?

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. జూన్‌లో బియ్యం బస్తా, పరుపు, కొత్త బకెట్ దించి, అబ్బాయిని గదిలో వదిలి తిరుగు బస్సు ఎక్కే ముందు పక్కింటి తలుపు కొట్టండి. మీ పేరు, ఊరు చెప్పి మీ ఫోను నంబరు ఇచ్చి పోండి. మీ వాడికి జ్వరమొస్తే ఫీవర్ హాస్పిటల్‌కు మేం తీసుకుపోతాం. అల్లరి చేస్తే మీకు ఫోను చేస్తాం.