మిల్లీగ్రాముల మహాశయుడు

దేవాలయము లేని వీథి యుండవచ్చును, కిళ్లీకొట్టు లేని వీథియు నుండవచ్చును గాని, కన్నబిడ్డలపాలిటికి తానే ధన్వంతరియైన తండ్రి యొక్కడైనను లేని వీథి ఆంధ్రదేశమున నుండదని నా నమ్మకము. మా వీథికి ఆ లోటు తీర్చిన పుణ్యాత్ముడు బంగారపు కొట్టులో తూకము వేయువాడై, ఇరువదియేండ్లుగా మిల్లీగ్రాములతోడనే కాపురము చేయుచున్నాడు. గాలికి త్రాసు పళ్లెము కదలునేమోయని పంకా ఆపించి, ఊపిరి బిగబట్టి, పది మిల్లీగ్రాముల హెచ్చుతగ్గునకై కొనువారితో అరగంట వాదింపగల యాతడు, ఇల్లు చేరి చెప్పులు విడిచినతోడనే ఆ సూక్ష్మదృష్టిని గూడ వాకిటనే విడిచి లోనికి వచ్చును.

ఆయన వైద్యశాల వంటింటి అలమారపై నున్న బిస్కట్ల డబ్బా. నిరుడు పెద్దవానికి డాక్టరు వ్రాసియిచ్చినదియు, జ్వరము మూడవనాడే తగ్గెనని మిగిల్చినదియు, నీళ్లు కలిపిన పిమ్మట వారమో, మహా అయినచో రెండు వారములో తప్ప నిలువనిదియునగు యాంటీబయాటిక్ మందు, సంవత్సరీకము పెట్టదగిన దినము దాటినను, అందు సజీవమూర్తివలె కొలువుదీరియున్నది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేండ్లలోపు బిడ్డలకు వాడరాదని సీసాపై ముద్రింపవలెనని 2023లో ఔషధనియంత్రణాధికారులు ఆజ్ఞాపించిరి గాని, ఈయన సీసాపై చీటీయే లేదు. అది జిడ్డునకు ఊడి ఎన్నడో గతించినది.

ఇక కొలపాత్ర. సీసాతో వచ్చిన గీతల మూతను పిల్లలు బొమ్మల పెండ్లికి గంగాళముగా గొనిపోయిరి. మిగిలినవి చెంచాలు: కాఫీచెంచా, ఉప్మాచెంచా, అత్తవారు పెట్టిన వెండిచెంచా. వైద్యులు చెప్పు అయిదు మిల్లీలీటర్లతో వీనిలో దేనికిని చుట్టరికము లేదు. (మా అవ్వలు ఉగ్గుగిన్నెతో ఆముదము పట్టిన దినములలో మాత్రము కొలతలుండెనా యని యడుగుదురు. లేవు. కాని ఆముదము ఎక్కువైనచో ఆ సంగతి మరునాటి యుదయమునకే ఇల్లెల్ల తెలియును. పారాసిటమాల్ మితిమీరినచో చప్పుడు చేయక కాలేయముపై బడును.)

మొన్న ఆయన చిన్నకూతునకు ఒళ్లు కాలెను. జ్వరపు సిరప్పు అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములదియు, 250 మిల్లీగ్రాములదియు నుండును. పసికందుల చుక్కలమందో, ఒక్క మిల్లీలీటరునకే 100 మిల్లీగ్రాములు. చిట్టిసీసాయే చిక్కనిది. ఇది మహాశయునకు తలక్రిందుగా తోచినది: పసివారిది గనుక పలుచనిది, పలుచనిది గనుక నిండుచెంచా! కిలోకు 15 చొప్పున పదికిలోల బిడ్డకు పూటకు 150 మిల్లీగ్రాములు చాలునట్టి మందు, ఆ చెంచాలో సుమారు 500 అయి కూర్చున్నది. కొట్టులో 350 మిల్లీగ్రాముల బంగారము అధికముగా తూచియిచ్చినచో నాటిరాత్రి కంటిపై కునుకురాని మనుష్యుడీయనయే! తగ్గకున్న గంటకు మరియొక చెంచా వేయుదునని కూడ సెలవిచ్చెను. నాలుగు గంటలైనను ఎడముండవలెననియు, దినమునకు నాలుగుమారులు మించరాదనియు నున్న నియమము చేతకాని వైద్యులకట!

"ఏమండీ, మిల్లీలీటరుకే వందని ఉందండీ దీనిమీద" అని ఇల్లాలు చెంచా పట్టుకొనినది.

"నాకు మిల్లీగ్రాములు నేర్పుతావటే!" అని ఆయన గర్జించెను గాని, ఆమె అప్పటికే బిడ్డను భుజాన వేసికొని వీథిలో నుండెను. వెంట నడువక తప్పినది కాదు.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నయే, "పాప బరువెంత?"

"రోహిణి రెండో పాదమండీ. మాఘమాసానికి ఏడాది నిండింది."

"బరువండీ, బరువు."

ఆయన కొంత తడవు ఆలోచించి, మురుగులు ఎనిమిది గ్రాముల రెండువందల మిల్లీగ్రాములనియు, కాలి గొలుసులు వెండివి గనుక లెక్కలోనికి రావనియు విన్నవించెను. డాక్టరమ్మ నవ్వాపుకొని, బిడ్డను బల్లపై నున్న తూకపుయంత్రముపై కూర్చుండబెట్టుమని నర్సమ్మకు సైగచేసినది. త్రాసు కంటబడగానే మా మహాశయుని నడుము నిటారైనది, కనుబొమలు ముడివడినవి. ఊపిరి బిగబట్టి ఆయన చేయి పైకెత్తెను.

"ఆగండమ్మా! ముందు ఆ మురుగులు తీసి, ఫ్యానాపించండి!"