ఆనకట్ట రాయి ఆత్మకథ

ఈ రాయికి ‘నేను’ అనడం అలవాటు లేదు. ఏటి అడుగున వేల రాళ్ల మధ్య ఒక రాయిగా బతికింది కాబట్టి, తన సంగతి కూడా పక్కవాళ్ల సంగతి చెప్పినట్టే చెబుతుంది. పుట్టిల్లు కృష్ణ దక్షిణపు ఒడ్డున సీతానగరం కొండ. ఇప్పుడుంటున్నది మంగళగిరి వైపు ఓ కాలవ గట్టు మీద, వేపచెట్టు నీడన. పొద్దుటిపూట పెద్దలు దాని మీద కూర్చుని పేపరు చదువుతారు. దూరపు కబుర్లు రాయికి తెలిసింది అలాగే.

కొండలో ఉండగానే అది నందన కరువును చూసింది. 1832-33 నాటి మాట. జనం దాన్ని డొక్కల కరువన్నారు. గుంటూరు సీమలో ఉన్నదే అయిదు లక్షల మంది. వాళ్లలో లక్షన్నరకు తక్కువ కాకుండా పోయారు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09లో ఎత్తించిన పదకొండు అంతస్తుల గోపురం మంగళగిరిలో అప్పటికే నిలబడి ఉంది. దాని నీడలో ఎందరు గంజి కోసం చేతులు చాచి ఒరిగిపోయారో లెక్క రాసినవాళ్లు లేరు. ఇంతా చేస్తే కృష్ణ ఆ పక్కనే ఉంది. ఏటేటా వరదొచ్చి, ఎర్రనీళ్లు నేరుగా సముద్రంలో కలిసిపోయేవి. ఎండిన చేను నుంచి ఏటికి నడిచి వెళ్లొచ్చు, ఏటి నుంచి చేనికి చుక్క వచ్చే దారి లేదు.

ఆ దారి వేయించినవాడు ఆర్థర్ కాటన్.

1803లో ఇంగ్లండులో పుట్టి, పద్దెనిమిదేళ్లకే మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేయడానికి ఈ దేశం వచ్చాడు. కావేరి మీద చోళుల నాటి కల్లణైని చూశాడు. అడుగున బండ తగలకపోయినా, వట్టి ఇసుక మీద రాళ్లు పేర్చి ఏటికి అడ్డంగా కట్టను నిలపవచ్చని అక్కడే తెలుసుకున్నాడు. ఆ విద్య ఈ దేశపు పాతవాళ్ల దగ్గర నేర్చినదేనని తర్వాత దాపరికం లేకుండా రాశాడు. ఏలుతున్న జాతివాడు ఏలుబడిలో ఉన్నవాళ్లను గురువులని ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర గోదావరికి కట్ట వేశాడు. బెజవాడ దగ్గర కృష్ణకూ అదే దారి చూపించాడు. ఇక్కడ దగ్గరుండి పని చేయించినవాడు కెప్టెన్ ఓర్. 1852లో మొదలై 1855కల్లా ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఆనకట్ట లేచింది.

ఈ రాయి ఒంటి మీద ఉలి గాట్లు ఆనాటివే. కొండ పగలగొట్టింది వడ్డెరలు. ఎండలో చేతులు బొబ్బలెక్కినవాళ్ల పేరు ఒక్కటీ ఏ శిలాఫలకం మీదా లేదు. దొర పేరు తలచిన ప్రతిసారీ రాయికి వాళ్లు గుర్తొస్తారు. అసలు తనను తాకిన చేతులు వాళ్లవే.

నీళ్లు సీతానగరం నుంచి కాలవలోకి మళ్లి, దుగ్గిరాల మీదుగా తెనాలి వైపు సాగాయి. కరువు నేల వరి నేల అయింది. కుంపిణీకి శిస్తు పెరిగింది, నిజమే. వాళ్లు డబ్బు పెట్టింది అందుకే. కాటన్ లెక్క మాత్రం వేరు. ఆయన క్రైస్తవ విశ్వాసం ఆదివారం ప్రార్థనతో ముగిసేది కాదు. క్రైస్తవులమని చెప్పుకునే ప్రభుత్వం కరువులో జనాన్ని చావనివ్వడం పాపమని నమ్మాడు. ఇండియాలో ప్రజాపనుల అవసరం గురించి 1854లో పుస్తకమే వేశాడు. రైళ్లకు పోసే డబ్బు కాలవలకు పెట్టండని చివరిదాకా పోరాడాడు. తన వాదనల మీద 1878లో పార్లమెంటు సంఘం ముందు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో, డార్కింగ్ ఊళ్లో కన్నుమూశాడు. ఇక్కడ అది ఆషాఢం.

కూతురు ఎలిజబెత్, లేడీ హోప్, తండ్రి పోయిన దుఃఖాన్ని పుస్తకంగా మార్చింది. మరుసటేడే, 1900లో, ఆయన జీవిత చరిత్ర అచ్చయింది. ఆమెదీ తండ్రి విశ్వాసమే. కూలీలు సారా అంగళ్ల వైపు పోకుండా డార్కింగులో కాఫీ గది నడిపిన మనిషి.

డెల్టా తన దుఃఖాన్ని తన పద్ధతిలో చెప్పుకుంది. గోదావరి రేవుల్లో స్నానసంకల్పం చెప్పే పురోహితులు కాటన్‌ను భగీరథుడితో పోల్చి సంస్కృత శ్లోకంలో తలచుకున్నారు. పొలాల గట్ల మీద, ఊరి కూడళ్లలో గుర్రమెక్కిన దొర విగ్రహాలు లేచాయి. రక్తసంబంధం లేనివాళ్లకూ కారుణ్య తర్పణంగా నీళ్లు వదలొచ్చు. కొడుకులు తండ్రికి వదిలే నీళ్లు వేరే మతపు మనిషికి వదలడానికి ఇక్కడ ఎవరి అనుమతీ అడగలేదు. ఆయన సువార్త చదివినవాడు, వీళ్లు గాయత్రి చదివినవాళ్లు. మధ్యలో ఉన్నవి ఆయన మళ్లించిన నీళ్లే. అంతకన్నా పెద్ద నివాళి ఈ రాయి చూడలేదు.

1952లో ఆనకట్ట తెగింది. తొంభై ఏడేళ్లు మోసిన ఏరు ఒక్కసారిగా మీద పడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక పాత రాళ్ల అవసరం తీరింది. ఎవరో రైతు ఎద్దుల బండి మీద ఈ రాయిని తెచ్చి గట్టు మీద దించాడు. కొత్త బ్యారేజీకి డెబ్బై గేట్లు. అవి ఎత్తిన రోజున చప్పుడు ఇక్కడిదాకా వినిపించినట్టే ఉంటుంది రాయికి.

కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో. సీతానగరం ఘాట్‌లో దిగి తాతముత్తాతల పేర్లు చెప్పుకునే అయ్యలారా, ఒక దోసిలి దొరకు వదలండి. ఇంకొక దోసిలి, పేరు తెలియని వడ్డెరలకు.