కొత్త సంగీత దర్శకుడికి ఆరు ఎదురీత సలహాలు

సినిమాల్లోకి కొత్తగా వచ్చిన సంగీత దర్శకుడికి అందరూ ఒకటే మాట చెబుతారు: దర్శకుడు ఏది అడిగితే అది, ఎన్ని అడిగితే అన్ని, ఎప్పుడడిగితే అప్పుడు ఇచ్చెయ్యమని. అలా ఇచ్చేవాళ్లకు పని దొరుకుతుంది, నిజమే. వాళ్ల పాట వింటే మాత్రం అది ఎవరిదో పోల్చుకోలేం. నా సలహాలు ఆ మాటకు సరిగ్గా ఎదురు. వీటివల్ల కొన్ని అవకాశాలు పోవచ్చు కూడా. అయినా ఇవే చెబుతాను. సంగీత దర్శకుడు బాణీలు సరఫరా చేసే మనిషి కాదు, కథ చెప్పేవాళ్లలో ఒకడు.

1. సిట్టింగ్‌కి ఒక్క ట్యూనే తీసుకెళ్లండి. పది వినిపిస్తే సగం అయ్యేసరికే దర్శకుడి చెవి అలిసిపోతుంది. చివరికి ఎక్కడో విన్నట్టున్నదే ఓకే అవుతుంది. ఒక్కటే వినిపించి, ఈ సందర్భానికి ఈ రాగం, ఈ నడక ఎందుకో చెప్పండి. నచ్చలేదంటే వాదించకండి. కథకు ఎక్కడ దూరమైందో అడిగి తెలుసుకుని, మళ్లీ ఒక్కటే చేసుకుని వెళ్లండి.

2. పాట ముందు రాయించండి. ట్యూను ముందు, మాటలు తర్వాత అన్నది ఇప్పటి రివాజు. తెలుగుకు అది పెద్ద నష్టం. ట్యూనులో మాటలు ఇరికిస్తే హ్రస్వం సాగుతుంది, దీర్ఘం కుంచించుకుపోతుంది, మాట నడిమికి విరుగుతుంది. కె.వి.మహదేవన్ మాతృభాష తెలుగు కాదు. అయినా కవి రాసిన కాగితం చేతికొచ్చాకే బాణీ కట్టడం ఆయనకు ఇష్టం. ‘శంకరాభరణం’ ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చింది. రమేష్ నాయుడుదీ ఇదే దారి. ఆయనకు ‘మేఘసందేశం’ (1982) అదే పురస్కారం తెచ్చింది. దర్శకుడికీ ఇందులో లాభం ఉంది. పాట కథలో నిలుస్తుందో లేదో కాగితం మీదే తేలిపోతుంది.

3. రిఫరెన్స్ వినకండి. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా వేరే సంగీతం పెట్టుకుని నెలల తరబడి చూసిన దర్శకుడికి ఆ చప్పుడే అలవాటైపోతుంది. ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)కి అలెక్స్ నార్త్ సంగీతం రాసి రికార్డు చేశాడు. స్టాన్లీ కుబ్రిక్ దాన్ని పక్కనపెట్టి, అప్పటికే వాడుకుంటున్న శాస్త్రీయ సంగీతాన్నే ఉంచేశాడు. తన సంగీతం లేదని నార్త్‌కు తెలిసింది సినిమా చూసినప్పుడే. అందుకే మీరు మూగ ప్రింట్ అడగండి. దృశ్యాన్ని మొదటిసారి మీ చెవులతోనే వినాలి.

4. షూటింగ్‌కి ముందే నేపథ్య సంగీతం మొదలుపెట్టండి. మన దగ్గర రీరికార్డింగ్‌కి మిగిలేవి విడుదలకు ముందు హడావుడి రోజులే. సెర్జియో లియోనే ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్’ (1968) తీసేటప్పటికి ఎన్నియో మోరికోనే ఇతివృత్త సంగీతం సిద్ధం చేసి ఉంచాడు. దాన్ని సెట్‌లో వినిపిస్తూ నటుల చేత నటింపజేశారు. అదే సినిమా ఆరంభంలో సంగీతం ఊసే లేదు. గాలిమర కిర్రుమనడం, టోపీ మీద నీటిచుక్క పడడం, ఈగ మోత, అంతే. ముందుగా ఆలోచించుకున్నవాడికే ఎక్కడ ఊరుకోవాలో తెలుస్తుంది.

5. వద్దన్నచోట ఒకసారి చేసి చూపించండి. ‘సైకో’ (1960)లో స్నానాల గది హత్యకు సంగీతం వద్దన్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ అయినా రాశాడు, తీగవాద్యాలు మాత్రమే పెట్టి. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. ఆ దృశ్యాన్ని ఇవాళ ఆ అరుపుల్లాంటి వయొలిన్లు లేకుండా ఊహించలేం. దీనికి మూల్యం ఉంటుందనీ తెలుసుకోండి. ‘టోర్న్ కర్టెన్’ (1966) దగ్గర అదే పట్టుదల ఇద్దరినీ విడదీసింది. వాళ్లు మళ్లీ కలిసి పనిచేయలేదు. కాబట్టి చేయండి, వినిపించండి, తుది నిర్ణయం మాత్రం దర్శకుడికే వదిలేయండి. సినిమా ఆయనది.

6. ప్రతి ఆఫీసు మెట్లూ ఎక్కకండి, ఒక దర్శకుడితో కలిసి ఎదగండి. రాజమౌళి మొదటి సినిమా ‘స్టూడెంట్ నంబర్ 1’ (2001) నుంచి ‘ఆర్ఆర్ఆర్’ (2022) దాకా అన్నిటికీ కీరవాణే సంగీతం. 2023లో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చేనాటికి ఆ ఇద్దరి మధ్య రెండు దశాబ్దాల పని ఉంది. అంతకాలం కలిసి పనిచేస్తే సగం మాటలోనే సందర్భం అర్థమవుతుంది. ‘ఇది బాగాలేదు’ అని నిర్భయంగా అనగలిగే చనువు ఇద్దరికీ వస్తుంది. ఏడాదికి పది సినిమాలు చేసినా ఆ చనువు దొరకదు.

ఈ ఆరూ ఒక్కసారిగా పాటించలేకపోవచ్చు. ఈసారి సిట్టింగ్‌కి వెళ్లేముందు మొదటిదొక్కటీ చేసి చూడండి. దర్శకుడు మిమ్మల్ని ‘ఇంకేమున్నాయి?’ అని కాకుండా ‘ఇదే ఎందుకు?’ అని అడిగిన రోజున మీ అసలు పని మొదలైనట్టే.